కన్నబాబు మావయ్య సైన్యాన్ని అమ్మిన వైనం

రత్నం ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనని మాట ఒకటుంది. వాళ్ళింట్లో అందరూ తెలివైనవాళ్ళే, కాదనడానికి లేదు. కానీ అందరి తెలివీ కలిపి ఒక గంపలో పోసి, తన తెలివి ఒక్కటీ ఇంకో గంపలో పోస్తే, తన గంపే బరువు తూగుతుంది. ఈ మాట బయట పెడితే నాన్న నొచ్చుకుంటాడు, అమ్మ అన్నం మానేస్తుంది, అన్నయ్య గౌర్నాయుడు ఆ గంపలెక్కడున్నాయని ఇల్లంతా వెతుకుతాడు. అందుకని మనసులోనే దాచుకుంది.

అనకాపల్లిలో వాళ్ళ వీధి వీధంతా గొడుగులు తడిశాక ఆరబెడుతుంది. రత్నం నాన్న పోలినాయుడు తడవకముందే ఆరబెట్టేస్తాడు. "తడిశాక ఆరబెట్టడం ఎవడైనా చేస్తాడమ్మా, ముందుచూపుండాలి" అంటాడు. అలాంటి ఇల్లు అది.

ఆ ఇంటికి ఒక బాధ్యత వచ్చిపడింది. విశాఖపట్నంలో ఉండే కన్నబాబు మావయ్యకి, అంటే రత్నం వాళ్ళమ్మ గంగమ్మ తమ్ముడికి, యుద్ధాల పిచ్చి. నిజం యుద్ధాలు కాదు. బల్ల మీద అట్టముక్కల కొండలు, స్పాంజి చెట్లు పేర్చి, బొటనవేలంత సీసపు సైనికుల్ని రెండు జట్లుగా నిలబెట్టి, పాచికలు వేస్తూ, టేపుతో కొలిచి జరుపుతూ ఆడే ఆట. ఒక సైన్యానికి ఎర్రకోట్లు, ఒక సైన్యానికి నీలంకోట్లు. ముప్ఫై ఏళ్ళు కూర్చుని, సన్నటి కుంచెతో ఒక్కొక్కడికి కనుబొమ్మలతో సహా రంగులేశాడు మావయ్య.

ఇప్పుడాయనకి కంటి ఆపరేషనైంది. వంగకూడదు, జనంలోకి పోకూడదు. సైన్యాల డబ్బాలన్నీ ఉండేది వాళ్ళ మంచం కిందే. ఆయన భార్య లచ్చత్త ఇదే అదను అనుకుంది. "ఆదివారం పొద్దుగూకేసరికి మంచం కింద చీపురు అడ్డం లేకుండా ఆడాలి. లేకపోతే పాత ఇనుము వాడికి తూకానికి వేసేస్తాను" అంది. లచ్చత్త అందంటే వేసేస్తుంది.

ఆ ఆదివారమే విశాఖలో యుద్ధాటల ప్రదర్శన ఉంది. ఆడేవాళ్ళంతా వస్తారు, పాత సైన్యాలు అక్కడే చేతులు మారతాయి. మావయ్య రత్నాన్ని పిలిచాడు. రత్నానికి ఆ ఆటంటే ప్రాణం. మావయ్య పాత నియమాల పుస్తకాలు తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. ఆడటానికే ఇంతవరకూ ఎవరూ కూర్చోనివ్వలేదు.

"అమ్మడూ, ఈ సైన్యాన్ని మంచి చేతుల్లో పెట్టావంటే, మా క్లబ్బు బల్ల దగ్గర ప్రతి ఆదివారం నీకో కుర్చీ. నాది హామీ" అన్నాడు మావయ్య, కంటికి పచ్చగుడ్డ సర్దుకుంటూ. "నాలుగు మాటలు గుర్తుంచుకో. బొమ్మల మీద మురికన్నది కనపడకూడదు. సైన్యం విడిపోకూడదు, ఒక్కడు విడిపోయినా విలువ పోతుంది. తెలిసినవాళ్ళొస్తే మొహమాటపడి తగ్గించకు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రేమగా చూసుకునేవాళ్ళకే ఇయ్యి."

"అక్షరం పొల్లుపోదు మావయ్యా" అంది రత్నం.

అంతే. ఆ అక్షరాల్లో ఒక్కటీ పొల్లుపోలేదు. మిగతావన్నీ పోయాయి.

శనివారం రత్నం మోసుకొచ్చిన రేకు డబ్బాలు గంగమ్మ విప్పి చూసింది. "వీడి మొహం మండా, ఇంత మురికి పట్టించేశాడేంటి నా తమ్ముడు. ఒకడి ఒంటినిండా ఎర్రమురికి, ఒకడి ఒంటినిండా నీలం మురికి." ఇంకేముంది, చింతపండు నానేసింది, బూడిద తెచ్చింది, కొబ్బరిపీచు అందుకుంది. దీపపు కుందెలు తోమినట్టు తోమింది. రత్నం పక్కనే కూర్చుని చెంబుతో నీళ్ళు పోసింది. సాయంత్రానికి సైన్యాలు రెండూ వెండిలా తళతళలాడాయి. కోట్లు లేవు, కనుబొమ్మలు లేవు.

"అమ్మా, ఇప్పుడు వీళ్ళలో ఎవరు ఎటువైపో ఎలా తెలుస్తుంది?" అని రత్నం అడిగింది. తెలివైనది కనక ఆ అనుమానం ఆమెకొక్కదానికే వచ్చింది.

"వాళ్ళకే తెలీదు" అన్నాడు గౌర్నాయుడు. "తెలీనప్పుడు కొట్టుకోరు. కొట్టుకోకపోతే విరగరు. కొన్నవాళ్ళకి మన్నిక."

ఈ జవాబు రత్నానికి నచ్చింది. అది తనకి తట్టనందుకు కొంచెం బాధపడింది కూడా.

తర్వాత విడిపోకుండా ఉండటం. గంగమ్మ రోజూ సందకాడ కనకాంబరాలు కట్టే మనిషి. అరటినార తీసి, ఒక్కొక్క సైనికుడి మెడకీ ముడేసి, తలకిందులుగా ఒకడు, నిటారుగా ఒకడు, మధ్యమధ్య గుర్రాలు మరువంలా వేసి, రెండు సైన్యాల్నీ కలిపి ఒకటే దండ కట్టేసింది. "ఇప్పుడు విడిపొమ్మను చూద్దాం" అంది. అట్టముక్కల కొండల మీద చెట్లు నీరసంగా కనిపించాయని గౌర్నాయుడు వాటికి నీళ్ళు పోశాడు. తెల్లారేసరికి కొండలు గుజ్జయిపోయాయి. చెట్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఆ గుజ్జు అక్కడే వదిలేసి, గంగమ్మ గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది: "ఒక్క బొమ్మ తిరిగొచ్చినా మీ ముగ్గురినీ గడప తొక్కనివ్వను. అంతా అమ్మేసి రండి."

బస్సులో కండక్టరు, "ఎంతమంది?" అన్నాడు.

"మేం ముగ్గురం. ఒక సైన్యం" అన్నాడు పోలినాయుడు.

కండక్టరు సంచీలోకి తొంగిచూశాడు. "పిల్లలాడుకునే బొమ్మలు, టికెట్టక్కర్లేదులెండి."

"పిల్లలంటారేంటి బాబూ, ఒక్కొక్కడికి ముప్ఫై ఏళ్ళు. మేం అబద్ధమాడి ప్రయాణం చేసేవాళ్ళం కాదు."

కండక్టరు ఆయన మొహంలోకి చూసి, లగేజీ టికెట్టొకటి చింపిచ్చి, దిగేదాకా మళ్ళీ అటువైపు రాలేదు.

ప్రదర్శన ఒక కల్యాణమండపంలో. లోపల వరసలు వరసలుగా బల్లలు, బల్లల మీద యుద్ధాలు. రత్నం అడుగడుక్కీ ఆగి చూసింది. పెద్దపెద్దవాళ్ళు మోకాళ్ళ మీద వంగి, ఊపిరి బిగబట్టి, బొమ్మల్ని అంగుళం అంగుళం జరుపుతున్నారు. ఒక మూల పాత వస్తువుల బల్ల. దాని పెత్తనం ప్రసన్నకుమార్ అనే ఆయనది. పద్ధతి ఏమిటంటే, అమ్మదలచినవాళ్ళు సామాను ఆయనకి అప్పగించాలి. కొనేవాళ్ళు ఆయన దగ్గర కొంటారు. అమ్మిపెట్టినందుకు ఆయన క్లబ్బు కోసం కొంచెం పట్టుకుంటాడు.

వీళ్ళు సంచీ విప్పేసరికి అక్కడో హడావుడి. ముఖ్య అతిథిగా ఎవరో రిటైరైన ఆఫీసరుగారు వచ్చేశారు, దండ తెస్తానన్నవాడు రాలేదు. "దండ, దండ" అని అందరూ పరిగెడుతున్నారు. పోలినాయుడు మర్యాద తెలిసిన మనిషి. అడిగినవాడికి లేదనడం ఆయనకి రాదు.

"మా దగ్గరుందండీ" అన్నాడు.

వెండిదండ అనుకుని వేసేశారు. ఆఫీసరుగారు ముందుకి తూలారు. గుర్రాలు పొట్టకి తగిలాయి, తుపాకీ మొనలు మెడలో దిగాయి. ఆయన అరగంటసేపు మాట్లాడాలనుకున్న ఉపన్యాసం, "శుభం, కుర్చీ" అని రెండు మాటల్లో ముగించి కూర్చున్నారు.

ఇంతలో ఒకాయన వచ్చి, "సీసపు సైన్యం అమ్మకానికుందన్నారు, చూడొచ్చా?" అని పోలినాయుణ్ణి అడిగాడు. కాలేజీ లెక్చరరట, పేరు సుధాకర్.

"ప్రస్తుతం ఆయన మెడలో ఉందండీ. వెళ్ళి చూసుకోండి."

సుధాకర్ భూతద్దం తీసి, ఆఫీసరుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన ఛాతీ పరీక్షించడం మొదలెట్టాడు. ఆయన వెనక ఇంకొకాయన నిలబడ్డాడు, ఆయన వెనక ఇంకొకాయన. ఆఫీసరుగారు తనకి సన్మానం జరుగుతోందో, వైద్యం జరుగుతోందో తేల్చుకోలేక అందరికీ నమస్కారం పెడుతూ కూర్చున్నారు.

"పోత బాగుంది. రంగెందుకు పోయింది?" అన్నాడు సుధాకర్.

"మురికండీ. కడిగేశాం."

"ఈ సైన్యంతో ఆడారా? ఎలా ఉండేది?"

"మా బావమరిది ఆడేవాడండీ. ప్రతిసారీ ఓడిపోయేవాడు."

"ఏ సైన్యంతో?"

"దేనితో ఆడితే దాంతో."

ప్రసన్నకుమార్ చెమట తుడుచుకుంటూ వచ్చి, ఆఫీసరుగారి మెడలోంచి దండ తీసి, అద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. పోలినాయుణ్ణీ పిల్లల్నీ ఒక పక్కకి తీసుకెళ్ళాడు. "నాయుడుగారూ, దణ్ణం పెడతాను. ఇక్కడ అమ్మేవాళ్ళు కొనేవాళ్ళతో నేరుగా మాట్లాడకూడదు. ఏదున్నా నా ద్వారానే. ధర మాట్లాడటానికి అమ్మాయొక్కతీ బల్లకి అవతలిపక్క ఉంటే చాలు. మీరిద్దరూ మామూలు కొనేవాళ్ళలా హాలంతా తిరిగి రండి."

అంతే. తండ్రీ కొడుకులు కొనేవాళ్ళలా తిరిగారు. ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగారు, పెదవి విరిచారు, ధరలడిగి అబ్బో అన్నారు. హాలు చుట్టి మళ్ళీ పాత వస్తువుల బల్లకొచ్చారు. అక్కడ అద్దాల పెట్టెలో, దీపం వెలుగులో, ఒక వెండి సైన్యం ధగధగలాడుతోంది.

గౌర్నాయుడు నాన్న మోచెయ్యి పట్టుకున్నాడు. "హాలంతటికీ ఇదొక్కటే సరుకు నాన్నా."

"చూశాన్రా. ఎవరు తోమారో గానీ చెయ్యి తిరిగిన మనిషి."

ఇంకేముంది. ఇంటి పైకప్పుకి రేకులు కొందామని పోలినాయుడు మొలలో దోపుకొచ్చిన డబ్బుంది. గౌర్నాయుడు బల్ల ముందు నిలబడ్డాడు. "ఈ సైన్యం ఎంత చెప్తున్నారు?"

ప్రసన్నకుమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇది మీదే కదా బాబూ."

"మాది కాదండీ, మావయ్యది. నన్ను కొనేవాడిలా తిరగమన్నారు. తిరుగుతున్నాను."

"తిరగమన్నాను. కొనమన్లేదు."

"కొననివాడు కొనేవాడెలా అవుతాడండీ?"

బల్లకి అటువైపు చేతులు కట్టుకుని రత్నం నిలబడి ఉంది. గౌర్నాయుడు ఆమెని చూసి గొంతు తగ్గించాడు. "కొంచెం తగ్గించమని ఆవిణ్ణి అడగండి."

"మీ చెల్లెలేగా, నువ్వే అడుగు."

"నేరుగా మాట్లాడకూడదన్నది మీరే."

ప్రసన్నకుమార్ ఇటు తిరిగాడు. "అమ్మా, మీ అన్నయ్య తగ్గించమంటున్నాడు."

"తెలిసినవాళ్ళకి తగ్గించొద్దని మావయ్య మరీ మరీ చెప్పాడండీ" అంది రత్నం. "ఈయన నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు."

"విన్నావుగా."

"ఆవిడకింత బిగువేంటో అడగండి."

"బిగువు అమ్మకానికి లేదని చెప్పండి."

అప్పుడొచ్చాడు సుధాకర్. "అమ్మాయ్, నేను తీసుకుంటాను. అడిగిన ధరే ఇస్తాను" అన్నాడు. ప్రసన్నకుమార్ మొహం వెలిగిపోయింది. రత్నానికి కళ్ళ ముందు క్లబ్బు బల్లా, దాని పక్కన తన కుర్చీ కనిపించాయి. కానీ మావయ్య మాట మావయ్య మాటే.

"ప్రేమగా చూసుకుంటారేమో అడగండి" అంది.

"ప్రేమంటే ఏం చెప్పను" అన్నాడు సుధాకర్ నేరుగా ఆమెకే. "ముందు ఈ నార తెంపేస్తాను. అందర్నీ విడివిడిగా పెట్టుకుని, ఒక్కొక్కడికీ మళ్ళీ రంగులేస్తాను. ఏడాది పడుతుంది. పట్టనీ."

రత్నం మనసు చివుక్కుమంది. పెద్దమనిషిలా ఉన్నాడు, నోటితోనే ఒప్పేసుకున్నాడు. విడదీస్తాడట. పైగా మళ్ళీ మురికి పట్టిస్తాడట. ఇటు చూస్తే అన్నయ్య. అద్దానికి ముక్కు ఆనించి, గుర్రాన్ని చూసి నవ్వుతున్నాడు. ఆ కొండల మీద చెట్లకి నీళ్ళు పోసిన చెయ్యి అది. ప్రేమంటే ఇంకెలా ఉంటుంది?

"ఆ అన్నయ్యకే ఇచ్చెయ్యండి" అంది. "అడిగిన ధరకే. తగ్గించేది లేదు."

సుధాకర్ భూతద్దం జేబులో పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. ప్రసన్నకుమార్ గౌర్నాయుడి దగ్గర డబ్బు తీసుకుని, క్లబ్బు భాగం పట్టుకుని, మిగిలింది రత్నం చేతిలో పెట్టాడు. దండని సంచీలో వేసి గౌర్నాయుడి చేతిలో పెట్టాడు.

సాయంత్రం బస్టాపులో ముగ్గురూ నిలబడ్డారు. ముగ్గురికీ లోలోపల గర్వం. ఇన్ని సైన్యాలున్న హాల్లో మొదట అమ్ముడైంది వాళ్ళదే. కొనడంలోనూ వాళ్ళని మించినవాళ్ళు లేరు.

"ఒకటే చిక్కు" అన్నాడు పోలినాయుడు. "మీ అమ్మ ఒక్క బొమ్మ తిరిగొచ్చినా గడప తొక్కనివ్వనంది. ఇప్పుడు దీన్నెక్కడ పెడతాం?"

"బస్టాపులో వదిలేస్తే ఎవరైనా విడదీసేస్తారు" అన్నాడు గౌర్నాయుడు.

ఇద్దరూ రత్నం వైపు చూశారు. రత్నం ఆలోచించింది. బస్సొకటి వచ్చి వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది. ఆలోచన కూడా వచ్చింది. చోటు విశాఖపట్నంలోనే ఉండాలి. వానకి తడవకూడదు, సంచీ పట్టేంత ఎత్తుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ మధ్యే ఖాళీ అయ్యుండాలి. అలాంటి చోటు ఊరు మొత్తానికీ ఒక్కటే ఉంది. ఈపాటికి శుభ్రంగా ఊడ్చి తడిగుడ్డ కూడా పెట్టి ఉంటారు. ఇంత పెద్ద చోటు ఊరికే బోసిగా పడుందని ఆ ఇంటావిడ దిగులు పడుతూ ఉంటుంది, పాపం.

"ఎవర్ని అడగాలి? మావయ్యనా?" అన్నాడు గౌర్నాయుడు.

"మావయ్యనెందుకు అడగడం? మంచం ఆయనదే గానీ, మంచం కింద అత్తది" అంది రత్నం.

ఆమె పుట్టి బుద్ధెరిగాక లచ్చత్తకి తనంత తానుగా ఫోన్ చేసింది లేదు. ఆ గొంతు వింటేనే చేతిలో గ్లాసు జారిపోయేది. కానీ ఇలాంటి శుభవార్త చెప్పడానికి భయమేంటి? ఆదివారం పొద్దింకా పూర్తిగా గూకలేదు. "అత్తా, మీ సైన్యం అమ్ముడైపోయింది, ఇక మా సైన్యాన్ని మీ మంచం కింద పెట్టుకోనిస్తావా" అని అడిగితే సరి. కొన్నవాళ్ళకీ ఆసరా, మావయ్యకీ కాలక్షేపం.

రత్నం కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, నాన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది. చేసెయ్యాలి, ఇప్పుడే చేసెయ్యాలి అనుకుంది.