బుగ్గమ్మా, జుట్టయ్యా ఫోటో దిగిన వైనం

"దిగవే తల్లీ, దిగు! నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఒక్కసారి దిగి మళ్ళీ ఎక్కేద్దువుగాని!"

ఈ కేక మా సాలిపేట వీధి మొదట్లో పుట్టి, చివర్న ఉన్న పిండిమర దాకా వినపడింది. ఇంకేముంది, పిండికొచ్చినవాళ్ళు పిండి వదిలేసి, గడ్డానికొచ్చినవాళ్ళు సగం గడ్డంతోనే పరిగెత్తారు. ఎవరో ఆడకూతురు నీళ్ళ ట్యాంకెక్కేసిందనుకుని ఒకాయన దుప్పటి కూడా తెచ్చాడు, దూకితే పట్టుకుందామని. తీరా వెళ్ళి చూస్తే ఏముందండీ! పెంకుటింటి మీద గవర్రాజు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంటి కొప్పు మీదున్న పిట్టకి రెండు చేతులూ జోడించి ఉన్నాడు. నిచ్చెన కింద అతని పెళ్ళాం వీరవేణి. పక్కన తమ్ముడు అబ్బులు, ఫోను ఆకాశానికెత్తి, నోరు తెరుచుకుని.

"ఏం జరిగిందర్రా?" అన్నాడు ఎదురింటి టైలరు కోటిలింగం, మెళ్ళో టేపుతో సహా వచ్చి.

"పిట్ట ఫోటో దిగాలండి," అంది వీరవేణి. "పైకెక్కించేశాం. సగం పని అయిపోయినట్టే. ఇక అది దిగడమే తరువాయి."

వీళ్ళ గురించి కాస్త చెప్పాలి. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురం పెట్టిందని వాళ్ళ గట్టి నమ్మకం. "మాటకి అర్థం ఒకటే ఉంటుందండి. దాని తోక పట్టుకుని పోవడమే తెలివి," అంటాడు గవర్రాజు. వీరవేణి మొగుడి మాట జవదాటదు. జవ అంటే ఏంటో తెలీదు గనక, దాటేస్తానేమోనని గుమ్మాలన్నీ చూసుకుని మరీ దాటుతుంది. ఇక అబ్బులు పుట్టినప్పుడు మంత్రసాని "వీడు అన్నని మించిపోతాడు" అందట. అప్పట్నుంచీ ఏటా పుట్టినరోజుకి అన్న పక్కన నిలబడి ఎత్తు కొలుచుకుంటున్నాడు.

వాళ్ళమ్మ సూరాయమ్మకి ప్రాణమంతా రెండు కాకటీల్ పిట్టల మీద. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చ మొహం, చెంపలకి ఎవరో నారింజరంగు పెద్దబొట్టు అద్దినట్టు గుండ్రాలు, నెత్తిన నిలువు జుట్టు. ఆశ్చర్యం వేస్తే జుట్టు లేస్తుంది, కోపమొస్తే నెత్తికి అతుక్కుపోతుంది. ఆడదాని పేరు బుగ్గమ్మ, మగవాడి పేరు జుట్టయ్య. చంటిపిల్లల్లా పెంచింది ఆవిడ. అలాంటిది, కుళాయి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కూతురు శేషారత్నం ఉండే వేమవరంలో మంచి కట్టు కట్టేవాడున్నాడని అక్కడికి తీసుకెళ్ళారు. కట్టయితే కట్టాడు గానీ, పిట్టల మీద బెంగతో ఆవిడ అన్నం ముట్టడం మానేసింది.

పొద్దున్నే శేషారత్నం ఫోను చేసింది. "అన్నయ్యా, అమ్మకి ముద్ద దిగడం లేదురా. పిట్టల మొహం చూస్తేగానీ తిననంటోంది. ఓసారి వీడియో కాల్ పెట్టండి."

"ఉన్న కాలు విరిగితేనే ఇంత గోలగా ఉంటే, ఇంకో కాలెందుకమ్మా?" అన్నాడు గవర్రాజు. ఎంత చెప్పినా ససేమిరా అన్నాడు.

"సరే నాయనా, కనీసం పిట్టలు రెండూ ఫోటో దిగేలా చూసి, అది పంపండి," అని పెట్టేసింది పాపం.

అంతే. అబ్బులు బుర్ర గోక్కున్నాడు. "అన్నయ్యా, కిందున్నది ఎలా దిగుతుంది? ముందు ఎక్కాలి కదా?"

"మించిపోతున్నావురా!" అని వాటేసుకున్నాడు గవర్రాజు. పంజరం పైకెక్కింది, తలుపు తెరుచుకుంది, బుగ్గమ్మ కొప్పు మీదికి చేరింది, కేక మొదలైంది.

కోటిలింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"తెల్లారి చాలాసేపైందండి," అంది వీరవేణి వినయంగా.

"అది కాదమ్మా! ఫోటో దిగడమంటే కిందకి దిగడం కాదు. ఫోనుకి ఎదురుగా కదలకుండా నిలబడి, పళ్ళు కనపడేలా నవ్వడం. అదీ దిగడమంటే!"

"అదా దిగడం!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. ఆ ముక్క మనసులో గట్టిగా పాతేసుకున్నారు.

వీరవేణి కొర్రల డబ్బా గలగలలాడించింది. ఆ చప్పుడుకి బుగ్గమ్మ రివ్వున ఎగిరి సరాసరి గవర్రాజు బట్టతల మీద వాలింది. "అన్నయ్యా, కదలకు!" అని అబ్బులు టక్కున ఫోటో తీసి శేషారత్నానికి పంపేశాడు.

ఫోను మోగింది. "ఇదేంటన్నయ్యా, గుమ్మడికాయ మీద తోక! అంతా కదిలిపోయింది. ఫోను కదలకుండా గట్టిగా పట్టుకోండి."

"మనిషన్నాక ఊపిరి పీలుస్తాడు, ఊగుతాడు. కదలనిది స్తంభం ఒక్కటే," అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, మంచం నులక విప్పి, ఫోనుని వసారా స్తంభానికి వేసి చుట్టారు. గాలి కూడా దూరనంత గట్టిగా చుట్టారు. నొక్కడానికి మాత్రం వేలు పట్టేంత సందు వదిలారు. స్తంభం కదల్లేదు, ఫోను కదల్లేదు, ఫోటో భేషుగ్గా వెళ్ళింది.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి శేషారత్నం ఏడుస్తోంది. "ఒరే అబ్బులూ, అంతా కటిక చీకటిరా! అది చూసి అమ్మ, పిట్టలు చచ్చిపోయాయి, నా దగ్గర దాస్తున్నారని శోకాలు పెడుతోంది. నిన్న కాసిని మజ్జిగైనా తాగింది, ఇవాళ అదీ లేదు. ఇలా అయితే మనిషి దక్కదురా! ఇంట్లోకి వెలుతురు రానిచ్చి, వాటి మొహం మీద పడేలా తియ్యండి."

ముగ్గురికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల్లి ప్రాణం మరి! గవర్రాజు ఆలోచించలేదు, ఉరికి కప్పెక్కాడు. ఒక పెంకు తీశాడు. ముందుగదిలో రూపాయి బిళ్ళంత ఎండ పడింది.

"పడింది పడింది!" అని వీరవేణి పంజరం అక్కడ పెట్టేసరికి సూరీడు జరిగాడు, ఎండా జరిగింది.

"పారిపోతోందన్నయ్యా, ఇంకో పెంకు!"

ఇంకో పెంకు తీశాడు. సూరీడు ఇంకాస్త జరిగాడు. ఇంకోటి. సూరీడు ఆగడే! ఆయనకేం, ఆయనకి పెంకుటిల్లా పాడా. మధ్యాహ్నానికి ముందుగదికి కప్పన్నది లేకుండా పోయింది.

"ఊళ్ళో ఇంత వెలుతురైన ఇల్లు ఇంకెవరికుందీ?" అని మురిసిపోయింది వీరవేణి.

"ఇంత కష్టపడి తెచ్చిన వెలుతురు, ఒక్క చుక్క వదలకూడదు," అని అబ్బులు వీధి అవతలికి పోయి, కోటిలింగం మిషను పక్కన నిలబడి, మొత్తం వెలుతురంతా వచ్చేలా ఫోటో తీశాడు.

శేషారత్నం ఈసారి అరిచింది. "పిట్టలేవిరా? ఆవగింజల్లా ఉన్నాయి! అంత దూరాన్నుంచి తీస్తే అమ్మకేం కనపడుతుంది? దగ్గరకొచ్చి తియ్యండి! దగ్గరకి!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిజమే కదండీ," అంది వీరవేణి. "వేమవరం బాగా దూరం."

"రమ్మన్నాక వెళ్ళాలి," అన్నాడు గవర్రాజు. కప్పు లేని ఇంటికి తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసి, పంజరం మీద తువ్వాలు కప్పి, బస్సెక్కారు.

దార్లో ఒక ఊరొచ్చింది. "దిగేవాళ్ళు దిగండి! గమ్మున దిగండి!" అని అరిచాడు కండక్టరు.

అబ్బులు చటుక్కున లేచి, ఫోను తీసి, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "రండి బాబాయ్, ఇలా చూడండి. కదలకండి. పళ్ళు కనపడాలి."

"నాకు పళ్ళు లేవు బాబూ," అన్నాడు ముసలాయన. "చుట్ట తీసెయ్యనా, ఉంచనా?"

"ఉంచండి, అందంగా ఉంది."

వెనకాలున్న ఆడవాళ్ళు కూడా కొంగులు సర్దుకున్నారు. కండక్టరు విజిలు ఊది ఊది అలిసిపోయాడు.

ఆఖరికి వేమవరం వచ్చింది. "వేమవరం! వేమవరంవాళ్ళు దిగండి!"

అంతే. ముగ్గురూ లేచి వరసగా నిలబడ్డారు. మధ్యలో పంజరం. పళ్ళన్నీ బైటపెట్టి, ఊపిరి బిగబట్టి, కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. అబ్బులు చెయ్యి చాపి టక్కున తీశాడు.

"దిగారా?" అన్నాడు కండక్టరు, వెనక్కి చూడకుండానే.

"దిగేశామండి! బాగా వచ్చింది కూడా!"

"రైట్ రైట్!"

బస్సు పోయింది, వేమవరమూ పోయింది. తర్వాతి ఊళ్ళో కండక్టరు వాళ్ళని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "మీరింకా దిగలేదా?"

"ఎన్నిసార్లు దిగుతామండి? మొహం నొప్పెడుతోంది," అంది వీరవేణి. కండక్టరు ముగ్గుర్నీ, పంజరాన్నీ రోడ్డు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి కాలవగట్టు మీద వెనక్కి నడిచారు. తువ్వాలు కింద పిట్టలు ఈలలేస్తూనే ఉన్నాయి, పెళ్ళికెళుతున్నట్టు.

శేషారత్నం తలుపు తీసి ఎగిరి గంతేసింది. "పిట్టల్నే తెచ్చేశారా! అమ్మా, ఇటు చూడవే..."

గవర్రాజు చప్పున ఆమె నోరు మూశాడు. "ఊరుకో! పొద్దున్నుంచీ ఫోటో ఫోటో అని ప్రాణం తీసింది నువ్వేగా! ముందు ఫోటో. లోపలికెళ్ళి ఫోను పట్టుకుని కూర్చో, పంపిస్తాం."

"అన్నయ్యా, పిట్టలిక్కడ, అమ్మక్కడ, మధ్యలో ఒక్క గుమ్మంరా!"

"గుమ్మం సంగతి తర్వాత," అని చెల్లెల్ని లోపలికి తోశాడు గవర్రాజు.

ఆమె మొగుడు రాఘవులు పెరట్లోంచి వచ్చి, బావమరుదుల్ని చూసి, సంగతి విని, అరుగు మీద చతికిలబడ్డాడు. ఆ అరుగు చుట్టూ నడుమెత్తు గోడొకటి ఉంది.

"ఈ గోడనేమంటారు బావా?" అన్నాడు అబ్బులు.

"పిట్టగోడ."

"మరి దీని మీద ఇన్నాళ్ళూ పిట్టని పెట్టలేదేం? పేరు పెట్టుకుని ఉపయోగమేంటి?" అని పంజరం తెరిచి, రెంటినీ గోడ మీద కూర్చోబెట్టాడు.

ఇక చూడండి ఆ వైభోగం! బుగ్గమ్మ మెడ వంచి జుట్టయ్య భుజానికి ఆనించింది. జుట్టయ్య కళ్ళు అరమూసి, దాని నెత్తి మీద ఈకల్ని ఒక్కొక్కటే ముక్కుతో దువ్వుతున్నాడు. పొద్దున్నుంచీ అరుస్తున్న వాళ్ళందరూ అలా చూస్తూ నిలబడిపోయారు. అబ్బులు ఫోను ఎత్తాడు. బస్సులో ఎప్పుడో వేలు తగిలి కెమెరా తిరగబడి, అందులో వాడి మొహమే కనపడుతోంది. "నేనే కనపడుతున్నానేంటి? మీరూ చూసుకోండి," అని అద్దం చూపించినట్టు ఫోనుని పిట్టల వైపు తిప్పాడు. ఇంకేముంది, జుట్టయ్యకి తన మొహం కనపడింది! జుట్టు నిక్కబొడుచుకుంది. తల ఇటు వంచాడు, అటు వంచాడు, ఈలేశాడు. అవతలివాడు జవాబివ్వలేదు. పౌరుషమొచ్చి ముందుకొచ్చి, అద్దం మీద తెల్లగా గుండ్రంగా కనపడ్డదాన్ని ముక్కుతో ఒక్క పోటు పొడిచాడు.

టక్!

అదీ ఫోటో అంటే! జుట్టయ్య కన్ను ఇంతేసి, నారింజ బుగ్గ నిండుగా, వెనకాల వాడి మీద వాలిపోయి బుగ్గమ్మ. స్టూడియోలో పెట్టి తీసినా రాదు. అబ్బులు అప్పటికప్పుడే పంపేశాడు.

లోపల సూరాయమ్మ కూతురి ఫోను చేతిలోకి తీసుకుంది. అద్దం తుడిచి తుడిచి చూసింది. "నా తండ్రే! జుట్టు లేచిందే, నన్ను చూసి గుర్తుపట్టాడు! బుగ్గమ్మ కాస్త చిక్కింది. ఏవే రత్నం, అన్నం తేవే, ఇక దిగుతుంది ముద్ద!"

ఆ గొంతు విని బైట జుట్టయ్య హుషారుగా ఈల అందుకున్నాడు.

సూరాయమ్మ చెవి దగ్గర ఫోను పెట్టుకుంది. "చూశావే! ఫోటో ఈల కూడా వేస్తోంది! నా కొడుకుల తెలివే తెలివి, ఎంత ఖర్చయినా ఈలతో సహా తీయించారు!"

శేషారత్నం ఇక ఆగలేక పరిగెత్తుకెళ్ళి, పిట్టలు రెంటినీ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. ఆవిడ వాటిని ఫోటోతో పోల్చి చూసి, "అచ్చం అలాగే ఉన్నాయి," అని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఇంక ఆలస్యమెందుకు, సూరాయమ్మ మంచం పక్కనే అందరికీ ఆకులు వేశారు. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గుమ్మపాలు కాచి తోడేసిన పెరుగు. సూరాయమ్మ మొదటి ముద్ద మింగింది. అందరి గుండెల మీంచి బరువు దిగింది. రాఘవులు గరిటె పట్టుకుని పొంగిపోతూ, "కానివ్వండి, కానివ్వండి. మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి," అన్నాడు.

గవర్రాజు తింటున్నవాడు ఆగాడు. ఆలోచించాడు. లేచి నిలబడ్డాడు.

"తప్పయిపోయింది బావా! మా ఇంటికొచ్చి మీరు వడ్డించడమేంటి? నలుగురు వింటే ఏమనుకుంటారు?" అని గరిటె లాక్కున్నాడు. వీరవేణి ఆదరాబాదరా చేతులు కడుక్కుని ఇంకో ఆకు వేసింది. అబ్బులు పీట వాల్చి, బావ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ఎండన పడి వచ్చినట్టున్నారు, నిదానంగా తినండి. బస్సెన్నింటికి?" అని అడిగాడు.

అంతే. రాఘవులు తన ఇంట్లో, తన పీట మీద, తన పప్పే తింటూ చుట్టమైపోయాడు. అందరూ కడుపునిండా తింటున్నారు. ఆయన మాత్రం కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, సిగ్గుపడుతూ, "ఏమీ అనుకోకపోతే, ఇంకాస్త పప్పు ఉంటుందాండీ?" అన్నాడు.

"అయ్యో, అడగాలా బావా!" అన్నాడు గవర్రాజు, గరిటె నిండా వేస్తూ. "మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి!"