గేదెకి తగిలిన అదను దెబ్బ

దేవుడు ఊళ్ళో అందరికీ తెలివిని గరిటెతో వడ్డించి, తమకి మాత్రం గుండిగ ఎత్తి కుమ్మరించాడని ఆ ముగ్గురు అన్నదమ్ములూ చెప్పుకునేవారు. పెంటయ్య, గవరయ్య, బంగారయ్య. కాదనే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేదు.

ఒకసారి వాళ్ళ బావ అప్పలనర్సు పట్నం నుంచి వచ్చి పాచికల యుద్ధం ఆట నేర్పాడు. దెబ్బలన్నీ నోటిమాటలే. వంతు వచ్చినవాడు ఒక పెద్ద పని, ఒక చిన్న పని చేసి కాస్త నడవొచ్చు. వంతు కానప్పుడు కదలకూడదు. కానీ శత్రువు పక్కనుంచి జారుకుంటే ఒక్క దెబ్బ వెయ్యొచ్చు. అదే అదను దెబ్బ. మళ్ళీ తన వంతు వచ్చేదాకా రెండోది లేదు.

"ఈ సట్టం తెలీక ఇన్నాళ్ళూ అడ్డదిడ్డంగా బతికీసినామురా!" అన్నాడు పెంటయ్య. అంతే, ఇల్లంతా ఆ చట్టం కిందికి వచ్చేసింది.

పొరుగింటి పైడమ్మ మజ్జిగ పోయించుకుని వెనక్కి తిరిగింది. ఇంకేముంది, గవరయ్య చీపురుతో ఒక్కటేశాడు.

"ఏటిరా నీకీ రోగం?"

"పక్కనించి జారుకున్నావు గదా పిన్నీ, నాదేటి తప్పు?"

మజ్జిగ అడిగిన ఆవిడ శత్రువెలా అయిందని అడిగేంత తెలివితక్కువవాడు ఆ ఇంట్లో లేడు మరి.

అంతలో పొయ్యి మీద అన్నం పొంగింది. బంగారయ్య గుడ్డ అందుకున్నాడు, చిన్న పని. మూత తీశాడు, పెద్ద పని. మంట తగ్గించాలంటే మళ్ళీ వంతు రావాలి. ఈలోగా వంతు గవరయ్యది, అతనేమో స్నానానికి పోయాడు. అంతే, అన్నం బొగ్గయింది. చట్టప్రకారం మాడిందని ముగ్గురూ సంతోషంగా తిన్నారు.

"అది ఆటరా, బతుకు కాదు!" అని బావ మొత్తుకున్నాడు. ఎవరు విన్నారు?

మర్నాడు మిట్టమధ్యాహ్నం గేదెల దొంగ దొడ్లో దూరాడు. ఆ ఇంటికి ఆధారం ఆ పాడిగేదె ఒక్కటే. అది పోతే పొయ్యిలో పిల్లి పడుకోవాల్సిందే. ముగ్గురూ కర్రలెత్తి గుమ్మంలో నిలబడ్డారు. దొంగ గేదె చాటుకి నక్కాడు.

"ఉండొరే! ముందెవడి వొంతో తేలాల," అని పెంటయ్య పాచికలు దొంగ చేతికిచ్చాడు. దొంగకే పెద్ద అంకె పడింది.

"నీదే వొంతు బాబూ, కానీ."

దొంగ తాడు విప్పాడు. గేదెని ముందుకు తోలాడు. అది పక్కనుంచి దాటగానే ముగ్గురూ తలో అదను దెబ్బ వేశారు. గేదె పరుగందుకుంది. వెనకాలే వస్తున్న దొంగ ఆగిపోయాడు.

"మరి నన్ను కొట్టరా?"

"దెబ్బయిపోనాది బాబూ. అన్నేయం మా ఇంటా వంటా లేదు," అన్నాడు గవరయ్య. దొంగ దండం పెట్టి మరీ వెళ్ళాడు.

పాపం, దారిలో బావ అప్పలనర్సు ఎదురుపడ్డాడు కాబట్టి సరిపోయింది. దొంగని తరిమి, కల్లం దగ్గర గేదెని పట్టుకున్నాడు.

ఇక్కడ ఇంటి దగ్గర అన్నదమ్ములకి వంతు వచ్చింది. ఆటలో ఇంకో వెసులుబాటు ఉంది. ఫలానాది జరిగితే కొడతానని ముందే చెప్పి, ఆ దెబ్బ దాచుకుని కాచుకోవచ్చు.

"గేదితోటి ఎవడీ గుమ్మం తొక్కినా బాదీడమే!" అన్నాడు పెంటయ్య.

"ఒరే, దొరికిందిరా!" అంటూ బావ గేదెతో గుమ్మంలో అడుగుపెట్టాడు. ఇంకేముంది, మూడు కర్రలూ ఒక్కసారే దిగాయి. బావ బోర్లాపడ్డాడు. తాడు జారింది. బెదిరిన గేదె వీధిలోకి దూకింది.

"పట్టుకోండిరా!" అని మూలిగాడు బావ.

"ఎలాగ బావా? మా వొంతులైపోనాయి. ఇప్పుడు గేది వొంతు," అన్నాడు బంగారయ్య.

ముగ్గురూ కర్రలు దించి, గేదె తన వంతు ముగించి వచ్చేదాకా గుమ్మంలో బుద్ధిగా కూర్చున్నారు.