ఏ ఒడ్డున ఉంది సిరి?

ఏటికి వంతెన లేని ఆ పాత రోజుల్లో రెండు ఒడ్డులూ రెండు రాజ్యాలు. పడవ నడిపే నూకయ్య అందరికీ చుట్టమే.

రత్నగుప్తుడనే వర్తకుడి సంపదంతా అప్పులూ బాకీలుగా మాట మీదే చేతులు మారేది, కంటికి కనపడేది కాదు. ఇక్కడ పన్ను అడిగితే "అంతా ఆవలే ఉంది" అనేవాడు. అక్కడ అడిగినా అదే మాట అనేవాడు. అతను ఎగ్గొట్టిన పన్ను భారం రెండువైపులా పేదల మీద పడేది.

ఒకనాడు పన్ను వసూలు చేసే రెండు రాజ్యాల సుంకరులూ అతనితో పాటే పడవెక్కారు. నడి ఏట్లో నూకయ్య తెడ్డు ఆపాడు.

"అయ్యా, తమరి సిరి ఏ ఒడ్డునా లేదట. ఏ ఒడ్డుకూ చెందని సొత్తు పడవవాడిదని ఏటి కట్టుబాటు. ఇక అది నాదే కదా?"

సుంకరులిద్దరూ అవునని తలూపారు. రత్నగుప్తుడు ఉలిక్కిపడ్డాడు.

"నాదేరా! సగం ఇటుంది, సగం అటుంది!"

సుంకరులిద్దరూ తాటాకులు తీసి చెరో సగానికీ పన్ను రాసుకున్నారు.

ఆ భారం తప్పి, ఆ ఏడాది పేదలు తమ గింజలు తామే తిన్నారు. ఆ అన్నం రుచిని మా ముసలివాళ్లు చాన్నాళ్లు చెప్పుకునేవారు.