మరిడమ్మ తలనొప్పి

పేరయ్య గారి దగ్గర వైద్యం నేర్చుకుంటున్న గవర్రాజు ఒకనాడు గురువును అడిగాడు: "ఇన్ని రకాల తలనొప్పుల్లో మనం నయం చెయ్యలేనిది ఏదండీ?"

అప్పటికి అతనికి తలనొప్పులన్నీ కంఠతా వచ్చు. ఎండకు వచ్చేది, ఆకలికి వచ్చేది, నిద్ర చాలక వచ్చేది, రొంప పట్టి వచ్చేది, సగం తలనే పీడించే పార్శ్వపు నొప్పి. మనిషి మొహం చూసి అది ఏ నొప్పో చెప్పేయగలనన్న ధీమా కూడా వచ్చింది. ధీమా వచ్చిన శిష్యుడితో వాదించి లాభం లేదు. పేరయ్య గారు కండువా భుజాన వేసుకుని, తనతో రమ్మన్నారు.

వెళ్లింది లేసు అల్లే మరిడమ్మ ఇంటికి. ముప్పై ఏళ్లు అల్లిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లూ కనిపించవు. అరుగు మీద కూర్చుని, కోడలు అల్లడానికి దారం ఉండ చుడుతోంది. గురువుగారి గొంతు వినగానే లేచి నిలబడింది. వెంట కొత్త మనిషి ఉన్నాడని తెలిసి, ఆయన గొప్ప చెప్పడం మొదలుపెట్టింది. పొద్దుగూకే వేళకు కంటి మీదుగా తల పగిలిపోయేదట. ఆయన శొంఠి అరగదీసి పట్టు వేస్తే గంటలో చేత్తో తీసేసినట్టు పోయేదట. వెంటనే మళ్లీ సూది పట్టుకునేదట. ఆరేళ్లు అలాగే గడిచాయట.

నొప్పితో పాటు ఇంకేమైనా ఉండేదా అని గవర్రాజు మెల్లగా అడిగాడు.

"ఎందుకుండదండి బాబూ? దీపం సుట్టూ రంగురంగుల సున్నాలు కనపడేవి. అయ్యగారితో సెప్పాను కూడాను. 'మరిడీ, నీకు దీపం కూడా లేసు కట్టుకునే కనపడుతోందే' అన్నారు. తల్సుకుంటే ఇప్పటికీ నవ్వొత్తాదండి."

ఆమె నవ్వింది. గవర్రాజు చటుక్కున గురువు వైపు తిరిగాడు. దీపం చుట్టూ రంగుల సున్నాలు కనపడితే అది చూపు తినేసే నీటికాసులని, పట్టు వెయ్యకుండా వెంటనే కంటి ఆసుపత్రికి పంపాలన్నది గురువుగారు అతనికి చెప్పిన మొదటి పాఠం. ఆ పాఠం ఆయన ఎక్కడ నేర్చుకున్నారో ఇప్పుడు తెలిసింది. ఆయన తల వంచుకుని, ఆ పొగడ్తంతా చివరిదాకా విన్నారు.

తిరిగి వస్తుంటే, ఆమెకు నిజం చెప్పలేదా అని శిష్యుడు అడిగాడు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి నోరు రాక తిరిగొచ్చానని ఆయన ఒప్పుకున్నారు. రేవు దగ్గర ఆగి, మొహం చూపకుండా అన్నారు:

"నయం చెయ్యలేనిది ఏదని అడిగావు, గవర్రాజూ. నేను నయం చేసినదాన్ని చూపించాను."