ఫోల్డరు అడుగున తవిటమ్మ పాటలు

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు కమలాకరంగారికి లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు, అంతే. బొబ్బిలి వైపు ఊళ్లలో పాటలు సేకరించే ఒక సంస్థలో సర్వర్ల బాధ్యత ఆయనది. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న జుబేదా ఒకరోజు ఇలా అడిగింది:

"సార్, మనకు పాటలు పాడి ఇచ్చే తవిటమ్మ నాట్లప్పటి ఊడుపు పాట ఎత్తుకుని మొదటి చరణంలోనే ఆగిపోయింది. పోయిన వానాకాలం నాకు మొత్తం పాడిన మనిషే! మరచిపోయింది ఎక్కడికి పోతుంది సార్?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నువ్వు రికార్డు చేశావుగా. వచ్చి వినమను."

తవిటమ్మ తోటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చేసింది. జుబేదా ఫోల్డరు తెరిచింది. తవిటమ్మ పాటలు లేవు.

అక్కడి సర్వర్లన్నిటికీ కలిపి ఒకటే పెద్ద డిస్కు. ప్రతి సర్వర్లో 'పాటలు' అని ఒక ఖాళీ ఫోల్డరు ఉంటుంది. పెద్ద డిస్కును దాని మీద తగిలిస్తారు. ఆపైన ఆ ఫోల్డరు తెరిస్తే కనబడేది డిస్కులో ఉన్న సరుకే. నకళ్లు తీసేదీ ఆ డిస్కు నుంచే. జుబేదా డిస్కంతా గాలించింది. నకళ్లలోనూ లేవు. రికార్డరులో ఆ పాటలు చెరిపి వేరే ఊరివి నింపి చాలాకాలమైంది.

"ఓలమ్మా, నాకే మతిమరుపనుకున్నాను. మీ పెట్టెకీ ఉందేటి?" అంది తవిటమ్మ. తోటివాళ్లు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

జుబేదా కళ్లనిండా నీళ్లు. కమలాకరంగారు నెమ్మదిగా అడిగారు: "ఆ పాటలు ఎక్కించిన రోజు ఏం జరిగింది?"

"గాలివాన సార్. కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేవగానే ఎక్కించేశాను."

"అయితే ఈ సర్వర్ నుంచి పెద్ద డిస్కు విడదియ్యి."

"పాటలు పోయి నేనేడుస్తుంటే ఉన్నవి కూడా తీసెయ్యమంటారా?"

"తీసెయ్యమనలేదు. పక్కకు జరపమన్నాను. మిగతా సర్వర్లకు అది తగిలే ఉంటుంది."

ఆమె విడదీసింది. ఖాళీగా ఉండాల్సిన ఫోల్డరులో, సర్వరు సొంత డిస్కు మీద, తవిటమ్మ పాటలన్నీ వరసగా ఉన్నాయి! ఆ రోజు సర్వర్ లేచింది గానీ పెద్ద డిస్కు ఇంకా తగులుకోలేదు. ఖాళీ ఫోల్డరు కిక్కురుమనకుండా పాటలు పుచ్చుకుంది. తరవాత డిస్కు వచ్చి వాటి మీద కూర్చుంది.

పాట మొదలైంది. గదంతా తవిటమ్మ గొంతే.

"గొంతు నీదేగానీ ఊపిరి ఆడట్లేదే" అని ఏడిపించింది ఓ స్నేహితురాలు.

"నోర్ముయ్యే, ఇననీ!" అంటూ తవిటమ్మ చెయ్యెత్తింది. రెండో చరణం దగ్గర పెదాలు కదిలాయి. మూడో చరణానికి గొంతు కలిసింది. రికార్డింగు ఆగిపోయింది. ఆమె ఆగలేదు. నాట్లు వేసే చేతుల్లా ఆమె చేతులు ఆడుతుంటే, జుబేదా ఎన్నడూ వినని చరణాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తోటివాళ్లు లేచి నిలబడి వంత పాడారు. జుబేదా పరుగున వెళ్లి రికార్డరు పట్టుకొచ్చింది.

పాట ముగిశాక జుబేదా గురువుగారి వైపు తిరిగింది. "సార్, నా ప్రశ్న..."

"కింద ఉన్నది తనంతట తాను పిలవలేదమ్మా, పైది జరపాలి" అన్నారాయన. "ముందు ఆ పాటల్ని పెద్ద డిస్కులోకి ఎక్కించు."