తాడు దాటిన బావగారు

హిమాలయాల్లో ఒక మంచుకొండ మీద స్కీయింగ్ నేర్పే ఉత్పలకు ఎంత ధైర్యమో అంత మొహమాటం ఉండేది. నిట్టనిలువు వాలులో బాణంలా దూసుకుపోయేది గానీ, ఎవరి మాటైనా కాదనాలంటే నోరు పెగిలేది కాదు. ఉప్పుకషాయంలా ఉన్న పులుసును కూడా "చాలా బాగుందండీ" అని మారు వడ్డించుకునే రకం.

ఆ చలికాలం అక్క నీరజ, బావగారు శశిధర్ విశాఖపట్నం నుంచి ఆమెను చూడటానికి వచ్చారు. బావగారికి స్కీయింగ్ కాస్త వచ్చు. బాగా వచ్చని ఆయన నమ్మకం.

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసి, మూడోనాడు ఎండ కాసింది. ముగ్గురూ రోప్‌వేలో పైకి వెళ్లారు. జెండాలు పాతిన దారి కిందికి సాగుతోంది. దాని పక్కనే, అటు ఎవరూ వెళ్లకుండా అడ్డంగా కట్టిన తాడుకు అవతల, ఒక్క గీతైనా పడని తెల్లటి వాలు ఊరిస్తోంది.

"జెండాల దారి పిల్లలకు! మనం ఇటు పోదాం," అంటూ బావగారు తాడు పైకెత్తాడు.

ఉత్పల ఆ వాలు వంక చూసింది. గాలి ఆ వాలు మీదికి మంచును ఎగదోసింది. కొత్త మంచు పాత మంచుకు ఇంకా అతుక్కోలేదు. అలాంటి చోట ఒక్క మనిషి బరువుకే మంచుచరియ విరిగిపడుతుంది. రోజూ శిష్యులకు ఆమె చెప్పే మొదటి పాఠం అదే.

"బావగారూ, మరి... తాడు కట్టారు కదా," అని నసిగింది.

"అది కొత్తవాళ్లకు కట్టిన తాడు. నాకే పాఠాలు చెబుతావా, మరదలా?"

నీరజ పకపకా నవ్వింది. ఉత్పలకు సిగ్గేసింది. "అబ్బే, లేదండీ! వెళ్లి రండి," అనేసింది. ఎంత పని చేసిందో చూడండి!

నీరజ జెండాల దారిలో కొంత దిగి, భర్త ఫొటో తీద్దామని అంచున నిలబడింది. బావగారు "హోయ్!" అని కేకేసి అటు జారాడు. నాలుగు మలుపులు అందంగానే తిరిగాడు. అయిదో మలుపులో మంచు లోపల 'ధుమ్' మంది. ఆయనకు పైన, వాలుకు అడ్డంగా ఒక పగులు సర్రున పాకింది.

అప్పుడు వదిలింది ఉత్పలకు మొహమాటం!

"అక్కా! అవతలి పక్కకు పో! ఫొటో లేదు గీటో లేదు, కదులు!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది.

నీరజ బెదిరిపోయి పక్కకు జారింది. మరుక్షణమే మంచు హోరుమంటూ తాడును తెంపుకొని జెండాల దారి మీదికి వచ్చిపడింది. నీరజ నిలబడిన చోటు కనిపించకుండా పోయింది. బావగారూ కనిపించలేదు.

ఆయన ఎర్రటోపీ మునిగిన చోటు మీదనుంచి ఉత్పల చూపు తిప్పలేదు. ఈల ఊదుతూ, అక్కడినుంచి కిందికి వెతుక్కుంటూ జారింది. మంచులోంచి ఒక చేతితొడుగు కొస కనిపించింది. పట్టుకుంటే లోపల చెయ్యి ఉంది! రెండు చేతులా తవ్వింది. ఈల విని సహాయక సిబ్బంది పారలతో పరుగెత్తుకొచ్చారు. నీలిరంగుకు తిరిగిన ముఖం బయటపడింది.

"ఊపిరి ఉంది! అక్కా, బావగారికి ఊపిరి ఉంది!" అని ఉత్పల భోరున ఏడ్చింది.

ఆస్పత్రిలో కాలికి కట్టుతో పడుకున్న బావగారు అడిగాడు: "అలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరేమైనా అనుకుంటారని..."

"అనుకుంటే ఓ పూట అలిగి అన్నం మానేసేవాణ్ణి. అంతేగా తల్లీ!" అన్నాడాయన.



కొన్నాళ్లకు తాడు మళ్లీ కట్టారు. సూటిగా చూస్తేనే జనం జడుసుకునే ఒక పెద్దాయన వచ్చి దాన్ని పైకెత్తాడు.

"తాడు దించండి!" అన్న ఉత్పల కేక రోప్‌వే దాకా వినిపించింది.

ఆయన ముఖం కందగడ్డలా అయింది. "నేనెవరో తెలుసా?" అన్నాడు.

"ఎవరైనా సరే, దించండి!" అంది ఉత్పల. ఈసారి నసగలేదు. ఆయన గొణుక్కుంటూ దించాడు.

నీతి: ఎదుటివారు నొచ్చుకుంటారని ప్రమాదాన్ని చెప్పకుండా ఊరుకోకూడదు, వాళ్లు కోపం తెచ్చుకున్నా సరే, గట్టిగా చెప్పి ఆపాలి.