నలుగు పెట్టించుకున్న బస్సు సీటు

దేవుడు లోకానికి తెలివి పంచిపెట్టిన రోజున తమ ఇంటిల్లిపాదీ మొదటి వరసలో నిలబడ్డారని పేరూరివారి నమ్మకం. ఎరిగినవాళ్ళు మాత్రం, ఆ రోజు వాళ్ళు పొరపాటున పులిహోర పంచే వరసలో నిలబడి ఉంటారనేవారు.

పెద్దాపురం రోడ్డులో, రైసుమిల్లు పక్కన రేకుల షెడ్డు వాళ్ళది. అందులో బస్సు సీట్లకి ఫోము పోస్తారు. పెద్దవాడు పట్టాభి, నడిపివాడు సూరిబాబు, చిన్నవాడు గవర్రాజు. ముగ్గురికీ పెద్దదిక్కు పట్టాభి భార్య తులశమ్మ. "సత్యదేవా, మా ఇంట్లో తెలివి పొర్లిపోతోంది, కాస్త పక్కవాళ్ళక్కూడా ఇయ్యి తండ్రీ" అని రోజూ దణ్ణం పెట్టుకునేది. అంత మంచి మనసు.

ఫోము పని చెప్పుకోడానికి తేలికే. రెండు డబ్బాల కెమికలు కొలత ప్రకారం బకెట్లో కలిపి, సీటు ఆకారంలో ఉన్న అల్యూమినియం అచ్చులో పోసి మూత బిగిస్తారు. పాలు పొంగినట్టు లోపల నురుగు పొంగి, పది నిమిషాల్లో మెత్తటి సీటు తయారవుతుంది. అందరికీ అవుతుంది. వీళ్ళకి మాత్రం ఒకటి చిల్లులు పడేది, ఒకటి నడుం విరిగినట్టు కుంగేది, ఇంకోటి సాయంత్రం పెద్దమనిషి సీటులా ఉండి, తెల్లారేసరికి చంటిపిల్లాడి పీట అయ్యేది.

ఒక సోమవారం, బస్సులు కట్టే కంపెనీ నుంచి సరుకు చూసే జోగారావుగారు వచ్చారు. ఓ సీటు చేతిలోకి తీసుకుని నిట్టూర్చారు.

"ఇది సీటా, గారెనా అమ్మా?"

తులశమ్మకి మనసు చివుక్కుమంది. "గారెకి ఒక్కటే చిల్లండి బాబుగారూ. దీనికి ఇరవై మూడున్నాయి."

"ఈ అచ్చు మాది. శుక్రవారం వచ్చి ఓసారి చూస్తాను. శనివారానికి నలభై మంచి సీట్లు ఇచ్చారా, సరే. లేకపోతే అచ్చు పట్టుకుపోయి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను."

తులశమ్మ అచ్చుకి అడ్డంగా నిలబడింది. ఆ అచ్చే వాళ్ళ అన్నం కుండ. అది పోతే షెడ్డులో మిగిలేది నలుగురి తెలివే. తెలివిని ఉడకేసుకు తినలేం కదా! ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి జోగారావుగారు మెత్తబడ్డారు. స్టూలు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పారు.

"అచ్చు చల్లగా ఉండకూడదు, జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులా వెచ్చగా ఉండాలి. కెమికలు కలిపాక ఊపిరి పీల్చేలోగా అచ్చులో పోసెయ్యాలి. మూతలో లోపలి గాలి పోడానికి దారివ్వాలి. సీటు బయటికి తీశాక, పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు అన్నివైపులా గట్టిగా నొక్కాలి. లేకపోతే చల్లారాక ముడుచుకుపోతుంది. అర్థమయిందా?"

"మాకు అర్థం కాకపోవడమేవిటండి!" అన్నారు నలుగురూ ఒక్కసారే.

ఆయన వెళ్ళగానే తులశమ్మ కొంగు దోపుకుంది. "తలా ఒక మాట పట్టుకోండి. పొల్లు పోయిందో, అచ్చు పోయినట్టే!"

మంగళవారం పట్టాభి అచ్చు కింద నిప్పుల కుంపటి పెట్టాడు. కాసేపటికి చెయ్యి వేసి చూసి, "ఏవే! వచ్చేసిందే జ్వరం!" అని కేకేశాడు.

సూరిబాబు కూడా చెయ్యి వేశాడు. "నూట రెండుంటుంది అన్నయ్యా, పాపం."

"జ్వరం వచ్చిందాన్ని పెట్టుకుని ఇద్దరూ గుడ్లప్పగించి చూస్తున్నారా?" తులశమ్మ పరుగున వచ్చింది. ఇంకేముంది! అచ్చు నుదుటి మీద తడిగుడ్డ పడింది. మీద దుప్పటి పడింది. ఆవిడ మిరియాల కషాయం కాచి, "మింగు నాయనా, మింగు" అంటూ పెద్ద గరిటెతో దాని నోట్లో పోసింది. ఆ మీదట కెమికలు పోసి మూతేశారు. అసలు ఆ కెమికలుకి నీటిచుక్క తగిలితే చాలు, బుడగలే బుడగలు. సీటు బయటికొచ్చేసరికి అరవై చిల్లులు, షెడ్డంతా మిరియాల ఘాటు.

"చెమట పట్టిందే! నీ మందు పనిచేసింది" అన్నాడు పట్టాభి గర్వంగా.

బుధవారం సూరిబాబు వంతు. ఊపిరి పీల్చకుండా పొయ్యాలి. గరిటె పట్టుకుని అడిగాడు. "ఒదినా, ఎవరి ఊపిరి?"

తులశమ్మ ఆలోచించింది. "పేరు చెప్పలేదు నాయనా. ఎందుకైనా మంచిది, అందరం బిగబడదాం."

అంతే. నలుగురూ ముక్కులు మూసుకున్నారు. సూరిబాబు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో కెమికలు కలపసాగాడు. కలిసిందా అని పట్టాభి కళ్ళతో అడిగాడు. ఇంకా లేదని సూరిబాబు బుగ్గలతో చెప్పాడు. ఆ బుగ్గలు ముందు టమాటాలయ్యాయి, తరవాత వంకాయలయ్యాయి, ఆ తరవాత మనిషే దబ్బున పడ్డాడు. బకెట్టు బోర్లా పడి, కెమికలంతా గవర్రాజు పాదాల మీద పొంగింది. చూస్తుండగానే మోకాళ్ళ దాకా లేచింది.

"ఒదినా! నాకు బూట్లొచ్చాయి!" గవర్రాజు సంబరంగా నాలుగడుగులు వేశాడు. అడుగుకొకసారి బంతిలా ఎగిరాడు. అయిదో అడుగుకి తల రేకులకి తగిలింది. కత్తిపీటతో బూట్లు ఒలిచేసరికి సాయంత్రమైంది.

"ఆ రెండు మాటలూ తప్పినా నా మాట తప్పను" అన్నాడు గవర్రాజు గురువారం పొద్దున్నే. గాలికి దారివ్వడం అతని పని. మూతలో సూదిబెజ్జాలు చెయ్యమని జోగారావుగారి భావం. గవర్రాజు మూతే తీసేశాడు. షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. అచ్చు దగ్గర్నించి వీధి దాకా ఊడ్చి, నీళ్ళు చల్లి ముగ్గేశాడు. సూరిబాబు కెమికలు పోశాడు. గవర్రాజు పక్కకి తప్పుకుని, నడుం వంచి, "దయచెయ్యండి, ఇటు దయచెయ్యండి" అన్నాడు.

గాలి వెళ్ళింది. దాని వెనకే నురుగూ బయల్దేరింది. అచ్చు దాటింది, ముగ్గు దాటింది, గుమ్మం దిగింది.

"ఒరే, అదెక్కడికిరా?" అని అరిచాడు పట్టాభి.

"గాలికి దారిమ్మన్నారు, నురుగుని ఆపమన్లేదు కదన్నయ్యా!"

వీధిలో గట్టిపడిన ఆ నురుగు మీద రైసుమిల్లువాళ్ళ గేదె వచ్చి పడుకుంది. ఆ వారం వీళ్ళ సరుకు మెచ్చుకున్న ప్రాణి అదొక్కటే.

తులశమ్మ గుమ్మంలో కూలబడింది. "రేపు ఆయనొస్తాడు. ఒక్క సీటూ లేదు. అచ్చు పోతుంది. సత్యదేవా, ఇంత తెలివిచ్చి ఇలా చేస్తావేవిటయ్యా?" అని బావురుమంది. ఆవిడ ఏడుపు చూసి అన్నదమ్ములు ముగ్గురూ నిస్త్రాణగా లేచి మళ్ళీ ఒక సీటు పోశారు. కుంపటి వేడి అచ్చుకి ఉంది, కషాయం మాత్రం అయిపోయింది. ఊపిరి బిగబట్టే దమ్ము సూరిబాబుకి లేదు, గబగబా కలిపి పోసేశాడు. గవర్రాజుకి ముగ్గేసి వేళ్ళు నొప్పి, మూత సందు మిగిలేలా వదులుగా బిగించాడు. చేసిన తప్పులే మళ్ళీ చెయ్యడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

పది నిమిషాలకి సీటు వెచ్చవెచ్చగా బయటికొచ్చింది. తులశమ్మ కళ్ళు తుడుచుకుని, కాళ్ళు చాపి, దాన్ని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. "నలుగుపిండి పట్రండి."

"సెనగపిండి నిన్న బజ్జీలకి అయిపోయింది కదే."

"నువ్వులనూనె?"

"అదీ బజ్జీలకే."

"పెట్టిపుట్టలేదమ్మా నువ్వు" అని సీటుని జాలిగా నిమిరి, వట్టి చేతులతోనే నలుగు మొదలెట్టింది. వీపు నొక్కింది, డొక్కలు నొక్కింది, మూలమూలా పిసికింది. లోపలి వేడిగాలి కుయ్ కుయ్ మంటూ బయటికొచ్చింది.

"ఏడుస్తోందర్రా! గట్టిబిడ్డే!" అని మురిసిపోయింది. సాంబ్రాణి పొగ వేసింది. దిష్టిచుక్క పెట్టింది. చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టింది.

శుక్రవారం జోగారావుగారు వచ్చేసరికి బుగ్గన చుక్కతో సీటు ఉయ్యాల్లో ఊగుతోంది. ఆయన ఉయ్యాల ఆపి సీటుని చూశారు. తీసి తడిమారు. చిల్లు లేదు. వేసుకు కూర్చున్నారు. కుంగలేదు. కొలిచారు. ముడుచుకోలేదు.

"బంగారం లాంటి సీటమ్మా!"

"బంగారం కాదండి, ఫోమే. దేవుడి మీద ఒట్టు."

ఆయన నవ్వి, కత్తి తీసి దాన్ని అడ్డంగా కోసి చూపించారు. లోపల కూడా రొట్టెలా నున్నగా ఉంది. "చూశారా? పైమెరుగు చూసి మోసపోకూడదు. లోపల చూడకుండా ఈ గుమ్మం ఏదీ దాటకూడదు. రేపు లారీ తెస్తాను. నలభై సీట్లు ఇలాగే ఉంటే అచ్చు మీ దగ్గరే ఉంటుంది."

ఇంకేముంది! పేరూరివాళ్ళు నిద్రాహారాలు మానేశారు. వేడి సరిపోయింది, పోత సరిపోయింది, సందు సరిపోయింది. తులశమ్మ నలభై సీట్లకీ నలుగు పెట్టింది, నలభై చుక్కలు పెట్టింది. శనివారం పొద్దున్నకి నలభై సీట్లూ వరసగా, ఒక్క వంకైనా లేకుండా నిగనిగలాడుతున్నాయి. లారీ షెడ్డులోకొచ్చి నిలబడింది. జోగారావుగారు టీ తాగొస్తానని ఎదురుగా ఉన్న హోటలుకి వెళ్ళారు.

మొదటి సీటు ఎత్తబోతూ పట్టాభి ఆగిపోయాడు. "ఏవే, లోపల చూశామా?"

తులశమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో! ఎంత ముప్పు తప్పిందండీ!"

అంతే. నాలుగు కత్తులు లేచాయి. అడ్డంగా ఒక్కటే కోత. మొదటిది చూశారు, చిల్లు లేదు. రెండోది చూశారు, లేదు. పదోది లేదు, ఇరవయ్యోది లేదు. కోసినకొద్దీ ఆనందం. నలభయ్యోది కోసి, అందులోనూ లేదని తేలగానే, నలుగురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గంతులేశారు. ముక్కలన్నీ లారీలోకెక్కించారు.

జోగారావుగారు వచ్చి లారీలోకి తొంగిచూశారు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశారు. "ఇదేవిటి?"

"ఒక్కదాంట్లో చిల్లుంటే ఒట్టండి బాబుగారూ!" అంది తులశమ్మ వెలిగిపోతూ. "నలభై అడిగారు, ఎనభై అయ్యాయి. పరవాలేదు, మిగతావి కూడా ఉంచేసుకోండి."

ఆయన గోనెసంచి మీద కూలబడ్డారు. నీరసంగా అన్నారు. "నా అచ్చు లారీలో పెట్టెయ్యండి. నేను వెళ్ళిపోతాను."

తులశమ్మ అన్నం కుండ లారీ ఎక్కబోతోంది. అయినా మాట మాటే. కొంగుతో కళ్ళొత్తుకుని, "అలాగేనండి" అంది. "సూరిబాబూ, మిల్లుకెళ్ళి ఇనుం కోసే రంపం పట్రా నాయనా. లోపల చూడకుండా గుమ్మం దాటించకూడదు కదా."

జోగారావుగారు ఎగిరి వెళ్ళి అచ్చుని కావిలించుకున్నారు. "వద్దు తల్లీ! దాన్ని ముట్టుకోకండి! ఇది ఎక్కడికీ రాదు, మీ దగ్గరే ఉంటుంది, మళ్ళీ నలభై పొయ్యండి, నేనే పక్కన కూర్చుంటాను!"

అచ్చు నిలిచింది! తులశమ్మ అన్నవరం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. జోగారావుగారు చెమట తుడుచుకుని, ముక్కలతో లారీని వెళ్ళిపొమ్మని డ్రైవరుకి సైగ చేశారు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు.

"అయ్యో, ఆపండాపండి!" తులశమ్మ చేతులడ్డం పెట్టి గుమ్మంలో నిలబడింది. "ఈ లారీ లోపల ఎవరైనా చూశారా?"

అప్పటికే సూరిబాబు రంపంతో వచ్చి, లారీ నడుం ఎక్కడుందో జానలతో కొలుస్తున్నాడు.